నూట ఇరవై మైక్రాన్లు

ఆగస్టు 3. నీరు: మనిషికి 51 లీటర్లు. గీకిన చట్రాలు: 9.

వకుళా, నిన్న నువ్వన్న మాట ఒకటి సరిదిద్దాలి. సంచుల నిషేధం మీ అత్తగారే ముందు పెట్టారన్నావు. కాదు. ముందు రాసింది నేను. చెరుకులంక సర్పంచిగా ముందు ఆమోదింపజేసుకున్నది ఆవిడ. పప్పు వండినవాళ్ళకీ వడ్డించినవాళ్ళకీ ఉన్నంత తేడా అది. వడ్డించిన చెయ్యే జనానికి గుర్తుంటుంది.

ఈ చిట్టా నిజానికి జల్లెడ కోసం. పాయలోని ఉప్పునీళ్ళు మన ఉప్పులంక బిందెల్లోకి తాగేనీళ్ళుగా దిగాలంటే ఇరవై నాలుగు చట్రాల జల్లెడ దాటాలి. రోజూ పొద్దున్నే పడవలో దాని దగ్గరికి పోయి, చట్రాలు పైకి లేపి, పట్టిన జిగురును కొబ్బరి పీచుతో గీకి, ఎన్ని లీటర్లు దిగాయో రాసి పంచాయతీకి ఇవ్వడం నా పని. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినందుకు ఊరు నాకిచ్చిన పింఛను ఇదే. రెండో నకలు నీకు పంపుతున్నాను. పంచాయతీ నకలులో మీ అత్తగారి ప్రస్తావన ఉండదు. అందుకే అది పొట్టిగా ఉంటుంది.

గీకిన జిగురంతా సంచులే. నాచుతో చేసిన ఈ కరుగుడు సంచిని రాజధానిలో ఒక బకెట్టు మంచినీళ్ళలో ముంచి చూశారు. పూటలో కరిగింది. చప్పట్లు కొట్టి రాష్ట్రం మొత్తానికీ పంచారు. ఉప్పునీళ్ళలో అది కరగదు. మీగడలా సాగి, దేన్ని తాకితే దాన్ని పట్టుకుంటుంది. మన పాయలో దానికి తగిలేది జల్లెడ ఒక్కటే.

చెరుకులంక జల్లెడ అద్దంలా ఉందని రాశావు. సంతోషం. ఈ ముక్క రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

ఆగస్టు 6. నీరు: 50. గీకిన చట్రాలు: 11.

నిమ్మకాయ కోసం చేతుల కొట్టుకు వెళ్ళాను. అక్కడ మనిషి లేడు, గోడలోంచి రెండు ఇనప చేతులు వస్తాయి. ఒక చెయ్యి నిమ్మకాయ తీసింది, రెండోది సంచి విప్పింది.

"ఒక్క కాయే. కొంగులో వేసుకుంటాను" అన్నాను.

"ప్రతి కొనుగోలుకూ సంచి పొందడం మీ హక్కు" అంది గోడ.

"హక్కు వదులుకుంటున్నాను."

"వదులుకొనుటకు ఫారం ఉన్నది. ఫారం సంచిలో ఇవ్వబడును."

ఒక్క నిమ్మకాయకు రెండు సంచులతో ఇంటికొచ్చాను.

ఆ కోపంలో రేవు దగ్గర ఒక బోర్డు కట్టాను. 'దయచేసి ఇంటి నుంచి సంచి తెచ్చుకోండి' అని నా చేత్తోనే రాశాను. సాయంత్రానికి మన సర్పంచి నాంచారయ్య రొప్పుతూ వచ్చాడు.

"టీచరుగారూ, బోర్డు పీకెయ్యండి. జిల్లా నుంచి నోటీసొచ్చింది."

"ఏం, తెలుగులో తప్పు రాశానా?"

"తెలుగు బాగానే ఉందంట. అదే తప్పంట. చదివినోళ్ళు సంచి తీసుకోటానికి సిగ్గుపడతన్నారంట."

రాష్ట్రమంతా ఒకే సంచి అని చట్టం. ఏ పంచాయతీ అయినా సంచిని నిషేధించకూడదు, దాని మీద పన్ను వెయ్యకూడదు, పరిమితి పెట్టకూడదు, జనాన్ని నిరుత్సాహపరచకూడదు. 'దయచేసి' అన్నది నిరుత్సాహం కిందికి వస్తుందట. నలభై ఏళ్ళ కాపురంలో మీ నాన్న ఆ మాట వాడితే నేను గౌరవం అనుకున్నాను.

చెరుకులంక రేవులో అదే బోర్డుకు బంతిపూల దండ వేశారని విన్నాను. వాళ్ళ నిషేధం నిరుడు జూన్ ముప్పయ్యిన పుట్టింది. చట్టం రావడానికి ముందే ఉన్నవాటిని చట్టం ముట్టుకోదు. మన నిషేధం జులై రెండున పుట్టింది, పుట్టగానే పోయింది. ఆ రెండు రోజులూ గుమాస్తా బద్ధకం వల్ల పోయాయని నీకు చెప్పాను.

ఆగస్టు 10. నీరు: 47. గీకిన చట్రాలు: 14.

ఆరోగ్య కేంద్రం నుంచి షమీమ్ వచ్చి కొళాయి దగ్గర మీటరు చూసుకుంది. అరుగు మీద కూర్చుని, చెప్పలేక చెప్పింది.

"టీచరుగారూ, నెలాఖరుకి నలభై ఐదుండాల. తగ్గితే ఈ ఊళ్ళో పురుడు పొయ్యటానికి అనుమతి రాదండీ. నేను ఒప్పుకున్నా మిషను ఒప్పుకోదు."

"రాకపోతే?"

"ఏముంది, వకుళమ్మకి అత్తారింట్లోనే పోస్తాం. ఆళ్ళకి అరవై రెండు లీటర్లున్నయ్యిగా."

అరవై రెండు. నా పొయ్యి మీద పాలు పొంగినా నేను కదల్లేదు.

తొలిచూలు పురుడు పుట్టింట్లో పొయ్యాలి. సముద్రం వరి పొలాల మీదికి వచ్చినా, మనం ఇళ్ళను స్తంభాల మీదికి ఎత్తుకున్నా, ఆ మాట మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. మీ అక్క ఇద్దరు పిల్లలూ ఈ ఇంట్లోనే పుట్టారు. నీకు ఎనిమిదో నెల. సరి నెలలో కదిలించకూడదు కాబట్టి తొమ్మిది పెట్టగానే తీసుకొస్తానని మాటిచ్చాను. తొమ్మిది పెట్టేది ఈ నెలాఖరుకే. అంటే నాకు ఇరవై రోజులున్నాయి, ఏడు రోజులకు నాలుగు లీటర్లు పోతున్నాయి. ఈ లెక్క నా పాత విద్యార్థుల్లో ఎంత మొద్దయినా చెయ్యగలడు.

ఆగస్టు 13. నీరు: 46. గీకిన చట్రాలు: 16.

మీ అత్తగారు వచ్చారు. తేజస్వి గారు అడుగు పెడితే పడవ కూడా కొంచెం సర్దుకుని కూర్చుంటుంది. వెనక నాలుగు డబ్బాల నీళ్ళు.

"వదినగారూ, ఎట్టా చిక్కిపోయారండీ!"

"జల్లెడ గీకితే ఒళ్ళు తగ్గుద్ది వదినగారూ. మీకా యోగం లేదుగా."

"మా జల్లెడ నెలకోసారి గీకితే చాలండీ. దేవుడి దయ."

"దేవుడిది కాదు, జూన్ ముప్పైది."

ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వితే పక్కవాళ్ళూ నవ్వుతారు. అదొక జబ్బు. నా మనవలిద్దరూ అప్పటికే ఆవిడ ఒళ్ళో ఎక్కి గాజులు లెక్కపెడుతున్నారు.

"నేనొచ్చింది ఒక మాటకి" అన్నారు. "వకుళ పురుడు మా దగ్గరే పోసేద్దాం. నీళ్ళ సంగతి చూస్తన్నారుగా. మీరూ వచ్చి నెల్లాళ్ళు ఉండండి. మేడ మీద గది ఖాళీగానే ఉంది, గాలి బాగా వచ్చిద్ది."

నా కూతురి పురుటికి నేను ఆవిడ మేడ మీద చుట్టాన్ని. పొద్దున కాఫీ ఆవిడిస్తే తాగాలి. వచ్చినవాళ్ళకు ఆవిడ నన్ను చూపించి 'పాపం, ఉప్పులంక వాళ్ళు' అంటుంది. ఆలోచిస్తానని చెప్పి టీ ఇచ్చాను.

"టీ బావుంది" అన్నారు రెండు గుక్కలు తాగి. "కొంచెం ఉప్పు తగిలింది, అంతే."

ఆవిడ తెచ్చిన నీళ్ళన్నీ పొట్లపాదుకు పోశాను. అబద్ధం. రెండు డబ్బాలు పోశాను. రెండు పిల్లలు తాగారు. ఇంకా కావాలని అడిగారు, అదీ బాధ.

ఆగస్టు 16. నీరు: 44. గీకిన చట్రాలు: 19.

నలభై ఐదు దాటి కిందికి వచ్చాం. గుమాస్తా సంగతి ఇప్పుడు సరిగా రాస్తాను.

నిరుడు జూన్‌లో నిషేధం ముసాయిదా నేనే రాశాను. యాభై మైక్రాన్ల కన్నా పల్చటి సంచి ఏదీ ఊళ్ళోకి రాకూడదు అని. కరుగుడు సంచి మందం ముప్పై మైక్రాన్లు, అంటే కాగితంలో మూడో వంతు కూడా లేదు. యాభై అంటే చాలు. వియ్యపురాలు కదా అని మీ అత్తగారికి ఒక నకలు పంపాను. గొప్ప కోసమే పంపాను, దాపరికం ఎందుకు. ఇరవై తొమ్మిదో తేదీన తెలిసింది, ఆవిడ దాన్ని అక్షరం పొల్లు పోకుండా వాళ్ళ పంచాయతీలో పెడుతోందని.

మన కాగితం అప్పటికే సంతకాలకు సిద్ధంగా ఉంది. గుమాస్తా పొద్దుటి నుంచీ నా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను వెనక్కి పంపాను. ఆవిడది యాభై అయితే నాది నూట ఇరవై ఉండాలన్నాను. మళ్ళీ టైపు చెయ్యమన్నాను. అన్ని నిబంధనల్లోనూ అంకె మార్చి, పట్టికలు మార్చి, నాంచారయ్య సంతకం పెట్టేసరికి జులై రెండు. జూన్ ముప్పై గడువని పెట్టిన చట్టం జులై ఒకటిన వచ్చింది.

గుమాస్తా బద్ధకస్తుడు కాడు. పాపం, రెండు రోజులూ అన్నం కూడా బల్ల దగ్గరే తిన్నాడు.

ఆగస్టు 20. నీరు: 40. గీకిన చట్రాలు: 24.

ఇరవై నాలుగూ గీకాను. పీచు అయిపోయింది, చీపురు పుల్లలతో గీకాను. ఇక నీళ్ళు రోజు విడిచి రోజు.

కొళాయి దగ్గర వలలు అల్లే సువార్తమ్మ బిందె పెట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళ అమ్మాయికీ నీలాగే ఎనిమిదో నెల. అల్లుడిదీ ఈ ఊరే, పురుడు పోసుకోవడానికి వేరే ఊరు లేదు. షమీమ్ ఆ పిల్లకు జిల్లా శిబిరంలో మంచం రాయించింది. పడవలో ఆరు గంటల దారి.

"మీకైతే వియ్యపురాలి ఇల్లుంది టీచరుగారూ" అంది సువార్తమ్మ. నిష్ఠూరంగా కూడా అనలేదు. "మా పిల్ల ఆ పడవలో ఎట్టా పోద్ది?"

ఆ మాట అడగడానికి ఆవిడ నా దగ్గరకు ఎందుకు వచ్చిందో నాకే తెలుసు. ఊళ్ళో చట్టం చదివి అర్థం చేసుకోగలిగిన మనిషిని నేను. చదివాను కూడా. షమీమ్ వచ్చి వెళ్ళిన రోజే, పదో తేదీనే, మొదటి నుంచి చివరి దాకా చదివాను. పదకొండో నిబంధన: పాత నిషేధం చెల్లుతున్న పంచాయతీలో ఏదైనా ప్రాంతం తరవాత కలిస్తే, ఆ నిషేధం ఆ ప్రాంతానికీ వర్తిస్తుంది.

అంటే ఉప్పులంక చెరుకులంకలో కలిస్తే మర్నాటి నుంచి సంచి ఉండదు. ఉప్పులంక అనే పంచాయతీ కూడా ఉండదు. రేవులో బోర్డు మీద తేజస్వి గారి పేరు, నా జల్లెడ చిట్టా కింద తేజస్వి గారి సంతకం.

ఆ పేజీ మడత పెట్టి బియ్యం డబ్బా కింద పెట్టాను. పది రోజులుగా ఆ డబ్బాలోంచే బియ్యం తీసి వండుతున్నాను.

ఆగస్టు 22. నీరు: 39.

గ్రామసభలో చెప్పాను. నిబంధన చదివాను. పదో తేదీనే చూశానని మాత్రం చెప్పలేదు.

నాంచారయ్య కాసేపు మీసం లాక్కున్నాడు. "అంటే మన ఊరు ఉండదా టీచరుగారూ?"

"ఊరుంటుంది. చెరుకులంక తొమ్మిదో వార్డు అంటారు."

"సర్పంచెవరు?"

"తేజస్వి గారే."

సభ మొత్తం నా మొహంలోకి చూసింది. వెనక నుంచి ఎవరో "టీచరుగారే ఒప్పుకున్నారా? అయితే ఇయ్యాళ వాన పడుద్ది" అన్నారు. అందరూ నవ్వారు. పర్వాలేదు, నన్ను చూసి ఊరు నవ్వి చాలా రోజులైంది.

నాంచారయ్య కూడా తేలికపడ్డాడు. "ఇంక నోటీసులన్నీ ఆవిడకే పోతయ్యిగా!" అని మొదటి చెయ్యి తనే ఎత్తాడు. సువార్తమ్మ రెండు చేతులూ ఎత్తింది. ఒకటి లెక్కపెట్టాం.

ఆగస్టు 24. నీరు: 38.

తీర్మానం పట్టుకుని మీ ఊరు వచ్చాను. నువ్వు లోపల నిద్రపోతున్నావు. లేపవద్దన్నాను. అడుక్కోవడానికి వచ్చిన తల్లిని కూతురు చూడాల్సిన పనిలేదు.

మీ అత్తగారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు.

"మావాళ్ళు ఒప్పుకోటం కష్టం వదినగారూ. మా నీళ్ళలో వాటా పోద్దని గోల చేస్తారు."

"మీ నీళ్ళలో వాటా అడగట్లేదు. మీ నిషేధంలో వాటా చాలు. రాసింది నేనే కాబట్టి కొత్తేం కాదు."

"ఎప్పుడు చూశారు ఈ నిబంధన?"

మొన్న అనేయవచ్చు. ఆవిడకు తెలిసే దారి లేదు. కానీ ఊరికి చెప్పకుండా దాచింది ఎక్కడో ఒకచోట కక్కాలి కదా.

"పదో తారీఖున."

"మరి ఇన్నాళ్ళూ?"

"మీ కింద బతకటం ఇష్టంలేక."

ఆవిడ మొహం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను, తిడితే తేలికగా ఉండేది. కళ్ళజోడు కొంగుతో తుడుస్తూ కూర్చుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"మీరు ఒకటి చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెబుతా" అంది. "నిరుడు గడువు సంగతి నాకు ముందే తెలుసు. రాజధానిలో మా తమ్ముడు చెప్పాడు, జూన్ ముప్పై లోపు పెట్టుకున్నోళ్ళే బతుకుతారని. అందుకే హడావిడిగా మీ కాగితం పెట్టించా."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే మీరు ముందురోజే చేసుండేవాళ్ళు. ఆ నిషేధం ఎవరు రాశారంటే మా ఊళ్ళో చిన్నపిల్ల కూడా 'ఉప్పులంక టీచరుగారు' అంటది. నా కోడలు కూడా మీలాగే తప్పులు దిద్దుద్ది. ఒక్కసారన్నా మీకంటే ముందుండాలనిపించింది వదినగారూ."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని పక్కనే, చెప్పడానికి సిగ్గుగా ఉంది వకుళా, కొంచెం సంతోషం కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ నన్ను చూసి ఏడ్చిందట! నాకు ముందే తెలిసి ఉంటే ఈ ఏడాది ఎంత హాయిగా గడిచేది.

"యాభై మైక్రాన్లు చాలు" అన్నాను చివరికి. "మీ కాగితమే సరైనది."

"మీ కాగితమేగా" అంది ఆవిడ.

వాళ్ళ సభలో సరేనన్నవాళ్ళు ఐదుగురు, కాదన్నవాళ్ళు నలుగురు. ఐదో చెయ్యి ఆవిడదే. ఎదురు చెప్పినవాళ్ళను కాఫీలప్పుడు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఏమన్నదో నాకు తెలియదు. తెలుసుకుంటే నేనూ వాడుకునేదాన్ని.

ఆగస్టు 26. నీరు: 38. చెరుకులంక పంచాయతీ, తొమ్మిదో వార్డు.

జిల్లా యంత్రం కాగితాన్ని గంటలో ఒప్పుకుంది. ఊళ్ళు కలపడానికి దాని దగ్గర ఫారం ఉంది. ఊళ్ళోకి సంచి రాకుండా ఆపడానికే లేదు.

మధ్యాహ్నం చేతుల కొట్టుకు వెళ్ళాను. ఇనప చెయ్యి బెండకాయలు తీసింది. రెండోది అలవాటుగా సంచి కోసం వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చి, ఏం చెయ్యాలో తెలియక గాలిలో నిలబడిపోయింది. నేను కొంగు పట్టాను. నా వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళూ పట్టారు. నాంచారయ్య తువ్వాలు పట్టాడు.

పాయలో మాత్రం ఏడాది సంచులు అలాగే తేలుతున్నాయి. అవి పోకపోతే నెలాఖరుకు నలభై ఐదు కల్ల.

ఆగస్టు 29. నీరు: 43. గీకిన చట్రాలు: 24, 24, 24.

సువార్తమ్మ సన్నకన్ను వలలన్నీ తెచ్చి పాయకు అడ్డంగా కట్టించింది. చెరుకులంక నుంచి నలభై మంది వచ్చారు. మీ అత్తగారు పడవ ముక్కున నిలబడి అందరికీ పని చెబుతోంది. ఏ చట్రం ముందు లేపాలో నాకే చెప్పబోయింది.

"వదినగారూ, పదిహేడోది ముందు లేపితే తాడు తెగుద్ది."

"అట్టాగా? మరి చెప్పరేం!"

"చెబుతున్నానుగా!"

సాయంత్రానికి ఇద్దరి గొంతులూ పోయాయి. జనం మా పోట్లాట వినడానికే ఎక్కువసేపు ఆగి ఎక్కువ గీకారని షమీమ్ అంటోంది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని మీ అత్తగారు కూడా ఆరు చట్రాలు గీకింది. బాగానే గీకింది. అంచులు వదిలేసింది, అవి నేను మళ్ళీ గీకాను.

ఆగస్టు 31. నీరు: 46.

షమీమ్ మీటరు మూడుసార్లు చూసి రెండు అనుమతి పత్రాలు రాసింది. ఒకటి సువార్తమ్మ కూతురికి, ఒకటి నీకు. జిల్లాకు పోవాల్సిన పడవ ఖాళీగా పోయింది. రెండింటి కిందా సర్పంచి సంతకం కావాలి. మీ అత్తగారు పెట్టింది. నా కూతురి పురుడు నా ఇంట్లో పొయ్యడానికి ఆవిడ అనుమతి! ఆ కాగితం గోడకు కట్టాలని పిల్లలు గొడవ చేస్తే, వెనక్కి తిప్పి కట్టమన్నాను.

సెప్టెంబరు మూడున నిన్ను తీసుకెళ్ళడానికి వస్తాను. ఆ రోజు పేరంటంలో మీ అత్తగారికి నేను గాజులు తొడగాలి. గాజులు బిగిసి విరిగితే నలుగురిలో నా పరువే పోతుంది. నువ్వొక పని చెయ్యి. ఆవిడ తన సైజు రెండు ఆరు అని చెబుతుంది, నమ్మకు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పక్కన కూర్చుని, కుడిచేతి బొటనవేలు అరచేతిలోకి మడిచి, కణుపుల మీదుగా దారం ఒక చుట్టు తిప్పి, కలిసిన చోట ముడి వెయ్యి. మధ్యలో లేస్తే దోమ వాలిందని చెప్పు. తెల్లదారమే వాడు, రంగుదారం తడిస్తే కుంచించుకుపోతుంది. ముడి వేసిన దారం కాగితంలో చుట్టి, ఎల్లుండి, రెండో తేదీ పొద్దుటి పడవలో, పడవ నడిపే ఏసోబు చేతికివ్వు. మధ్యాహ్నం పడవ వద్దు, అప్పటికి గాజులవాడు వెళ్ళిపోతాడు.